ఇష్టంగా పరుగు – బలవంతంగా పరుగు

"ఆరోగ్యమే మహాభాగ్యం" అన్నారు పెద్దలు. ఆ మాట రాయని హాస్టల్ గోడ ఉండదేమో! ఆరోగ్యం కావాలంటే వ్యాయామం చేయాలని కూడా మనకు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. కొందరు హుషారుగా పరుగెడతారు. కొందరు లోలోపల తిట్టుకుంటూ పరుగెడతారు. ఇద్దరూ పరుగెత్తిన దూరం ఒకటే, కారిన చెమటా ఒకటే. మరి ఇద్దరి శరీరాలకూ కలిగే లాభం కూడా ఒకటేనా?

"పరుగు పరుగే కదా, ఇష్టం ఏమిటి, బలవంతం ఏమిటి?" అని చాలామంది అనుకుంటారు. కానీ శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నను చిన్నదిగా చూడలేదు. ప్రయోగశాలల్లో పెంచే ఎలుకలతో, చిట్టెలుకలతో దశాబ్దాలుగా దీని మీద పరిశోధనలు చేస్తున్నారు. జంతుశాస్త్రం చదువుకుంటున్న మేము, ఆ పరిశోధనల్లో ముఖ్యమైన కొన్నింటిని మన హాస్టల్ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ తేలిక మాటల్లో చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఎలుకలే ఎందుకు?

మనుషుల్లో ఈ ప్రశ్నకు జవాబు వెదకడం కష్టం. ఇష్టంగా పరుగెత్తేవాడు ముందు నుంచే ఆరోగ్యవంతుడు కావచ్చు. అతని తిండి వేరు, నిద్ర వేరు, ఇంటి పరిస్థితులు వేరు. అతను బాగుండటానికి పరుగు కారణమా, తిండి కారణమా అన్నది తేలదు.

ప్రయోగశాల ఎలుకల్లో ఈ చిక్కు తక్కువ. అవన్నీ ఒకే వంశానివి, ఒకే వయసువి. తినే దాణా ఒకటే, గది ఉష్ణోగ్రత ఒకటే. చివరికి దీపం వెలిగించే వేళ, ఆర్పే వేళ కూడా అన్నింటికీ ఒకటే. అలాంటి వాటిని మూడు గుంపులుగా చేసి ఒక గుంపును ఊరికే ఉంచుతారు. రెండో గుంపుకు ఇష్టమైనప్పుడు పరుగెత్తే అవకాశం ఇస్తారు. మూడో గుంపును బలవంతంగా పరుగెత్తిస్తారు. కొన్ని వారాల తర్వాత వాటి గుండె, కండరాలు, గ్రంథులు, మెదడు పరీక్షిస్తారు. అప్పుడు కనిపించే తేడా వ్యాయామం వల్ల వచ్చిందేనని కొంత ధైర్యంగా చెప్పవచ్చు.

చక్రం, పట్టీ, నీళ్ళ తొట్టి

ముందుగా ఈ పరికరాల గురించి తెలుసుకోవాలి. అసలు విషయమంతా వాటిలోనే ఉంది.

మొదటిది పరుగు చక్రం. జాతరలో కనిపించే జెయింట్ వీల్‌ను చిన్నదిగా చేసి బోనులో బిగిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఎలుక దానిలోకి ఎక్కి పరుగెడితే చక్రం తిరుగుతుంది, దిగితే ఆగిపోతుంది. ఎన్నిసార్లు తిరిగిందో లెక్క నమోదవుతుంది. ఎప్పుడు ఎక్కాలి, ఎంత వేగంగా పరుగెత్తాలి, ఎప్పుడు దిగాలి అన్నది పూర్తిగా ఎలుక ఇష్టం. దీన్నే స్వచ్ఛంద వ్యాయామం అంటారు.

రెండోది ట్రెడ్‌మిల్. పిండిమర బెల్టు లాంటి పట్టీ మోటారుతో వెనక్కి కదులుతూ ఉంటుంది. దాని మీద ఉన్న ఎలుక ముందుకు పరుగెత్తకపోతే వెనక్కి జారిపోతుంది. అలా వెనక్కి వచ్చిన ఎలుకకు చిన్న విద్యుత్ షాక్ తగిలేలా చాలా ప్రయోగశాలల్లో వెనుక కడ్డీలు అమర్చుతారు. కొన్నిచోట్ల షాక్‌కు బదులు గాలి ఊదుతారు లేదా బ్రష్‌తో తోస్తారు. వేగం, సమయం అన్నీ పరిశోధకుడి చేతిలోనే ఉంటాయి. ఇది నిర్బంధ వ్యాయామం.

మూడోది ఈత. నీళ్ళ తొట్టిలో వదిలితే మునిగిపోకుండా ఉండటానికి ఎలుక ఈదక తప్పదు. ఇదీ బలవంతమే. నాలుగోది మోటారు బిగించిన చక్రం. చూడటానికి మామూలు చక్రం లాగే ఉంటుంది కానీ దాన్ని తిప్పేది మోటారు, ఎలుక కాదు. ఈ నాలుగో పరికరం తర్వాత మనకు చాలా పనికొస్తుంది. గుర్తు పెట్టుకోండి.

ఎలుక ఎందుకు పరుగెడుతుంది?

ఎవరూ తరమకపోతే ఎలుక ఎందుకు పరుగెడుతుంది అని మీరు అడగవచ్చు. నిజానికి అది పరుగెత్తే తీరు ఆశ్చర్యం కలిగిస్తుంది. పాతిక గ్రాముల బరువుండే చిట్టెలుక ఒక్క రాత్రిలో 4, 5 కిలోమీటర్లు దాటి చక్రంలో పరుగెత్తడం మామూలు విషయం. అదీ ఏకబిగిన కాదు. కొద్దిసేపు వేగంగా పరుగెడుతుంది, దిగుతుంది, కాస్త తింటుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఎలుకలు రాత్రి తిరిగే జీవులు కాబట్టి ఈ పరుగంతా దాదాపు చీకట్లోనే జరుగుతుంది.

పరుగు దానికి ఒక బహుమానం లాంటిదని 1954లో కాగన్, బెర్కున్ అనే శాస్త్రవేత్తలు చూపారు. మీట నొక్కితే కొద్దిసేపు చక్రంలో పరుగెత్తే అవకాశం వచ్చేలా ఏర్పాటు చేస్తే, ఎలుకలు ఆ అవకాశం కోసమే మీట నొక్కడం నేర్చుకున్నాయి. మామూలుగా తిండి కోసం చేసే పనిని అవి పరుగు కోసం చేశాయన్నమాట.

"బోనులో బందీ అయి, విసుగెత్తి అలా పరుగెడుతోందేమో" అని కొందరు అనుమానించారు. ఆ అనుమానానికి నెదర్లాండ్స్‌కు చెందిన మేయర్, రోబర్స్ అనే పరిశోధకులు చక్కని జవాబు వెదికారు. వాళ్ళు పరుగు చక్రాలను ఆరుబయట, పచ్చిక ఉన్న చోట, ఇసుక దిబ్బల దగ్గర పెట్టి కెమెరాలు బిగించారు. స్వేచ్ఛగా తిరిగే అడవి చిట్టెలుకలు వచ్చి వాటంతటవే చక్రం ఎక్కి పరుగెత్తాయి. అక్కడ తిండి పెట్టడం మానేసిన తర్వాత కూడా పరుగెత్తాయి. చుంచులు, కప్పలు, చివరికి చిప్పలేని నత్తలు కూడా చక్రం ఎక్కాయి! ఈ ఫలితాలు 2014లో అచ్చయ్యాయి. కాబట్టి చక్రంలో పరుగును కేవలం బందీఖానా రోగం అని కొట్టిపారేయలేం.

కండరానికి ఇష్టాయిష్టాలు లేవు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ముందుగా కండరాల సంగతి చూద్దాం.

1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జాన్ హోలోజీ అనే శాస్త్రవేత్త ఎలుకలను ట్రెడ్‌మిల్ మీద కఠినంగా పరుగెత్తించారు. శిక్షణ ముదిరేసరికి అవి రోజుకు 2 గంటలు, నిమిషానికి 31 మీటర్ల వేగంతో పరుగెత్తాయి. ఆ తర్వాత వాటి కాలి కండరాలను పరీక్షిస్తే, కండరం ఆక్సిజన్ సాయంతో శక్తిని పుట్టించే సామర్థ్యం దాదాపు రెట్టింపైనట్టు తేలింది. ఆ పని చేసేది కణాల్లోని మైటోకాండ్రియా. పదో తరగతి పాఠంలో వాటిని 'కణ శక్త్యాగారాలు' అని చదువుకున్నాం కదా! వ్యాయామంతో కండరంలో ఈ శక్త్యాగారాలు పెరుగుతాయన్న జ్ఞానానికి పునాది ఈ ప్రయోగమే.

గమనించండి, అది బలవంతపు పరుగే. అయినా కండరం బలపడింది. చక్రంలో ఇష్టంగా పరుగెత్తే జంతువుల్లోనూ కండరాలు, గుండె ఇలాగే వ్యాయామానికి అలవాటుపడతాయి. అంటే కండరానికి కావలసింది పని. ఆ పని ఎవరి ఇష్టంతో జరుగుతోందో దానికి పట్టదు. అంతేకాదు, ఎంత వేగంతో, ఎంతసేపు అన్నది పరిశోధకుడి చేతిలో ఉండటం వల్ల ట్రెడ్‌మిల్‌తో కచ్చితమైన లెక్కలు దొరుకుతాయి. అందుకే ఈనాటికీ దాన్ని వాడుతున్నారు.

ఇంతవరకూ చూస్తే "పరుగు పరుగే" అన్నవాళ్ళ మాటే నిజం అనిపిస్తుంది. కానీ శరీరం అంటే కండరాలు మాత్రమే కాదు.

గ్రంథులు చెప్పే కథ

మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే గ్రంథులను అధివృక్క గ్రంథులు అంటారు. భయం, ఆందోళన, ప్రమాదం ఎదురైనప్పుడు ఇవి కొన్ని హార్మోన్లను విడుదల చేస్తాయి. ఎలుకల్లో వాటిలో ముఖ్యమైనది కార్టికోస్టిరోన్. మనుషుల్లో దాదాపు అదే పని చేసేది కార్టిసాల్. ఆపద సమయంలో ఈ హార్మోను మేలే చేస్తుంది. కానీ రోజుల తరబడి ఎక్కువగా ఉంటే రోగనిరోధక శక్తిని కుంగదీస్తుంది. రోగాలతో పోరాడే టి-కణాలు తయారయ్యే తైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది. అందుకే ఒక జంతువు చాలాకాలం ఒత్తిడిలో ఉందా అని తెలుసుకోవాలంటే శాస్త్రవేత్తలు ఈ రెండూ చూస్తారు. అధివృక్క గ్రంథి పెరిగిందా? తైమస్ తగ్గిందా?

2000 సంవత్సరంలో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొరాస్కా, ఫ్లెష్నర్, వారి సహచరులు ఎలుకలకు 8 వారాలు ట్రెడ్‌మిల్ శిక్షణ ఇచ్చి ఇవన్నీ పరీక్షించారు. శిక్షణ వల్ల కలిగే మంచి మార్పులు కొన్ని కనిపించాయి. కానీ వాటితోపాటే అధివృక్క గ్రంథులు పెద్దవయ్యాయి, తైమస్ కుంచించుకుపోయింది, రోగనిరోధక కణాల విభజన తగ్గింది, ప్రతిదేహాల తయారీ కూడా తగ్గింది. ఒకే శరీరంలో ఒక పక్క లాభం, మరో పక్క నష్టం! ఆ వ్యాసానికి వాళ్ళు పెట్టిన పేరు కూడా ఇదే అర్థం ఇస్తుంది: ట్రెడ్‌మిల్ పరుగు మంచి మార్పులనూ, చెడ్డ మార్పులనూ రెంటినీ తెస్తుందని.

ఇంకా తీవ్రమైన ఫలితం 2013లో వచ్చింది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ వుడ్స్ బృందం చిట్టెలుకలను రెండు రకాలుగా పరుగెత్తించి, ఆ తర్వాత మందుతో వాటి పెద్దపేగుకు వాపు జబ్బు కలిగించింది. చక్రంలో ఇష్టంగా పరుగెత్తిన వాటికి జబ్బు తీవ్రత తగ్గింది. ట్రెడ్‌మిల్ మీద బలవంతంగా పరుగెత్తిన వాటికి విరేచనాలు, వాపు ముదిరాయి. వాటిలో చావులు కూడా ఎక్కువయ్యాయి. పరుగు ఒకచోట మందైంది, మరొకచోట విషమైంది.

మెదడు మాటేమిటి?

మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం ఉంది. కొత్త విషయాలు గుర్తుంచుకోవడానికి ఇది చాలా అవసరం. పరీక్షల కాలంలో మనం ఎక్కువగా ఆధారపడేది దీనిమీదే! 1995లో కాట్‌మన్ బృందం చక్రంలో ఇష్టంగా పరుగెత్తిన ఎలుకల హిప్పోకాంపస్‌లో బి.డి.ఎన్.ఎఫ్. అనే పదార్థం పెరిగిందని కనుగొంది. నాడీకణాలు బతకడానికి, వాటి మధ్య కొత్త సంబంధాలు ఏర్పడటానికి అది తోడ్పడుతుంది. పొలానికి ఎరువు ఎలాగో నాడీకణాలకు అది అలాగ అనుకోవచ్చు.

1999లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో హెన్రియెట్ వాన్ ప్రాగ్, గెర్డ్ కెంపర్‌మన్, ఫ్రెడ్ గేజ్ చేసిన ప్రయోగం చాలా పేరు పొందింది. వాళ్ళు చిట్టెలుకల్లో కొన్నింటికి పరుగు చక్రం ఇచ్చారు. కొన్నింటిని నీళ్ళలో దారి వెదికి నేర్చుకునేలా చేశారు. కొన్నింటిని ఊరికే ఈదించారు. పరుగెత్తిన వాటి హిప్పోకాంపస్‌లో, కొత్తగా పుట్టి బతికి నిలిచిన కణాల సంఖ్య రెట్టింపైంది. నీళ్ళలో నేర్చుకున్నవాటిలో, ఈదినవాటిలో ఆ పెరుగుదల లేదు. పెద్దయ్యాక మెదడులో కొత్త కణాలు పుట్టవని అంతకుముందు చాలామంది నమ్మేవారు. ఆ నమ్మకం సడలిపోతున్న రోజుల్లో, పరుగు ఆ కొత్త కణాలను పెంచుతుందని ఈ ప్రయోగం చూపింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈత కొట్టిన ఎలుకలు నీళ్ళలో గడిపింది కొద్దిసేపే. చక్రం ఉన్నవి రాత్రంతా పరుగెత్తాయి. కాబట్టి తేడా ఇష్టం వల్ల వచ్చిందా, పరుగు ఎక్కువ కావడం వల్ల వచ్చిందా అన్నది ఈ ఒక్క ప్రయోగంతో తేలదు.

అందుకే 2008లో లీషర్, జోన్స్ అనే పరిశోధకులు దూరం సమానంగా ఉండేలా ఏర్పాటు చేశారు. ఇష్టంగా పరుగెత్తే ఎలుకలు ఎంత దూరం వెళితే మోటారు చక్రంలోనివి కూడా అంతే దూరం వెళ్ళేలా 8 వారాలు నడిపించారు. ఫలితం అందరూ అనుకున్నట్టు రాలేదు. బలవంతంగా పరుగెత్తిన ఎలుకల మెదడులోనే కొత్త నాడీకణాలు ఎక్కువగా కనిపించాయి! కానీ వాటిని విశాలమైన ఖాళీ పెట్టెలో వదిలితే నడుమకు రావడానికి భయపడి గోడల వెంబడే తిరిగాయి. అది ఆందోళనకు గుర్తు. కణాలు పెరిగాయి, కానీ గుండె దిటవు మాత్రం పెరగలేదు. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. దూరం సమానమే అయినా, ఇష్టంగా పరుగెత్తేవి తక్కువ సమయంలో వేగంగా వెళ్ళాయి, బలవంతపువి నెమ్మదిగా ఎక్కువసేపు పరుగెత్తాయి. కాబట్టి ఈ తేడాలో పరుగు తీరుకు కూడా వాటా ఉండి ఉండాలి.

అసలు దోషి ఎవరు?

ఇప్పుడు జాగ్రత్తగా ఆలోచిద్దాం. ట్రెడ్‌మిల్ చెడు చేసింది అనుకుందాం. ఆ చెడు 'బలవంతం' వల్లనే వచ్చిందా? చక్రానికీ ట్రెడ్‌మిల్‌కీ మధ్య ఎన్ని తేడాలున్నాయో లెక్కపెట్టండి.

చక్రంలో పరుగు రాత్రి జరుగుతుంది. ట్రెడ్‌మిల్ పరుగును పరిశోధకులు తమ వీలు కోసం చాలాసార్లు పగలు పెడతారు. అంటే ఎలుకను మంచి నిద్రలో లేపి పరుగెత్తించినట్టు. చక్రంలో కొద్దికొద్దిగా, విరామాలతో పరుగెడుతుంది. ట్రెడ్‌మిల్ మీద విరామం ఉండదు. చక్రం ఎలుక సొంత బోనులోనే ఉంటుంది. ట్రెడ్‌మిల్‌కు దాన్ని చేత్తో పట్టుకుని తీసుకుపోవాలి. అన్నింటికీ మించి, చక్రంలో ఆగిపోతే ఏమీ కాదు, ట్రెడ్‌మిల్ మీద ఆగిపోతే షాక్ తగులుతుంది.

ఈ ముడిని విప్పడానికి కొలరాడోకు చెందిన గ్రీన్‌వుడ్, ఫ్లెష్నర్ బృందం 2013లో మోటారు చక్రాన్ని వాడింది. ఎలుక తనంతట తాను పరుగెత్తే తీరు ఎలా ఉంటుందో అదే తీరులో మోటారు చక్రాన్ని తిప్పారు. షాక్ లేదు, విరామాలు ఉన్నాయి, కానీ ఎప్పుడు పరుగెత్తాలన్నది ఎలుక చేతిలో లేదు. 6 వారాల తర్వాత అన్ని గుంపులనూ తప్పించుకోలేని ఒత్తిడికి గురిచేసి, అవి ఎంతగా కుంగిపోయాయో చూశారు. ఇష్టంగా పరుగెత్తినవి ఒత్తిడిని తట్టుకున్నాయి. మోటారు చక్రంలో పరుగెత్తినవి కూడా తట్టుకున్నాయి! ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిన వాటికి మాత్రం ఆ రక్షణ దొరకలేదు.

దీన్నిబట్టి మేము అర్థం చేసుకున్నది ఇది. ఒక వేళకు, ఒక క్రమంలో పరుగెత్తించడం అనేదే కీడు కాదు. శరీరానికి అలవాటైన తీరులో, విరామాలతో, శిక్ష భయం లేకుండా చేయించిన వ్యాయామం మేలు చేయగలదు. ఆ తీరును కాదని, నిద్ర చెడగొట్టి, ఆగితే దెబ్బ అన్న భయంతో చేయించిన వ్యాయామంలోనే లాభం కరిగిపోయే ప్రమాదం ఉంది.

ఇంకో విచిత్రం కూడా చెప్పాలి. ఇష్టంగా పరుగెత్తే చిట్టెలుకల్లో సైతం అధివృక్క గ్రంథులు పెరుగుతాయని, తైమస్ బరువు తగ్గుతుందని 2003లో డ్రోస్ట్, రాయల్ బృందం చూపింది. అంటే పరుగు ఎలాంటిదైనా శరీరానికి కొంత శ్రమే. కానీ ఆ చిట్టెలుకలను కొత్త చోట వదిలినప్పుడు, పరుగెత్తని వాటికంటే తక్కువ కంగారు పడ్డాయి. వాటి రక్తంలో ఒత్తిడి హార్మోను తక్కువ పెరిగింది. శ్రమ వాటిని అవసరం లేని చోట బెదరకుండా ఉండేలా తయారుచేసింది.

ఇష్టం కూడా హద్దు దాటితే

ఇష్టంగా చేసే వ్యాయామం ఎప్పుడూ మంచిదేనా? కాదని రెండు ప్రయోగాలు హెచ్చరిస్తున్నాయి.

1967లో రౌటెన్‌బర్గ్, కుజ్నెసోఫ్ అనే పరిశోధకులు ఎలుకలకు రోజుకు ఒక్క గంట మాత్రమే తిండి పెట్టారు. చక్రం లేని ఎలుకలు ఆ గంటలోనే సరిపడా తినడం నేర్చుకుని బతికాయి. చక్రం ఉన్నవి మాత్రం రోజురోజుకూ ఎక్కువ పరుగెత్తాయి, తక్కువ తిన్నాయి, చిక్కిశల్యమయ్యాయి. మధ్యలో ఆపకపోతే ప్రాణం పోయే స్థితి. వాటిని ఎవరూ తరమలేదు. తిండి చాలనప్పుడు ఇష్టమైన పరుగే వాటి పాలిట శత్రువైంది.

రెండోది 2006లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో జరిగింది. స్ట్రానహన్, గూల్డ్, వారి సహచరుడు ఎలుకల్లో కొన్నింటిని గుంపుగా, కొన్నింటిని ఒంటరిగా ఉంచి, రెంటికీ పరుగు చక్రాలు ఇచ్చారు. 12 రోజుల తర్వాత చూస్తే గుంపులో ఉండి పరుగెత్తిన వాటి మెదడులో కొత్త కణాలు పెరిగాయి. ఒంటరిగా పరుగెత్తిన వాటిలో పెరగలేదు. చాలాకాలం పరుగెత్తితేనే వాటికీ ఆ లాభం దక్కింది. ఒకే పరుగు, ఒకే చక్రం. పక్కన తోటివారు ఉన్నారా లేదా అన్నదే తేడా. పది మందీ కలిసి బతికే హాస్టల్ పిల్లలకు ఈ ప్రయోగం ఎంత దగ్గరగా అనిపిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ మూగజీవుల మాట

ఈ ఫలితాలన్నీ మూగజీవుల బాధ మీద వచ్చినవని మరవకూడదు. 1959లోనే రస్సెల్, బర్చ్ అనే శాస్త్రవేత్తలు మూడు సూత్రాలు చెప్పారు. వీలైతే జంతువులకు బదులు వేరే మార్గం వెదకాలి, వాడక తప్పకపోతే వాటి సంఖ్య తగ్గించాలి, వాటి బాధ తగ్గించాలి. మన దేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద జంతు ప్రయోగాలపై పర్యవేక్షణ ఉంది. ప్రయోగాలు చేసే సంస్థల్లో జంతు నైతిక కమిటీ ఆమోదం తీసుకోవాలి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రయోగశాల జంతువుల పెంపకానికి పేరుపొందింది. పుట్టుకతోనే స్థూలకాయం వచ్చే ఒక ఎలుకల జాతిని అక్కడే గుర్తించి, పెంచి, పరిశోధనలకు అందించారు.

షాక్‌తో పరుగెత్తించడం జంతువుకు బాధ మాత్రమే కాదు, ఫలితాన్ని కూడా తప్పుదారి పట్టిస్తుందని పైన చూశాం. అంటే ఇక్కడ దయ, శాస్త్రం రెండూ ఒకే మాట చెబుతున్నాయి.

మనుషుల సంగతి

ఎలుకకు జరిగిందే మనిషికీ జరుగుతుందని అనుకోవడం తప్పు. మనిషికి ఆలోచన ఉంది. ఈ రోజు ఇష్టం లేకపోయినా రేపటి మేలు కోసం పరుగెత్తగలడు. సెలక్షన్ కోసం తెల్లవారుజామున లేచి పరుగెత్తే కానిస్టేబుల్ అభ్యర్థిని ఎవరూ తరమరు. కష్టంగా ఉన్నా ఆ పరుగు అతని సొంతం.

సాయంతో చేయించిన వ్యాయామం మేలు చేసిన సందర్భాలూ ఉన్నాయి. 2009లో అమెరికాలో రిడ్జెల్, ఆల్బర్ట్స్ బృందం పార్కిన్సన్ వ్యాధిగ్రస్తులను ఇద్దరు తొక్కే సైకిలు మీద కూర్చోబెట్టింది. ముందు కూర్చున్న శిక్షకుడు వేగంగా తొక్కుతుంటే రోగి కాళ్ళు కూడా ఆ వేగంతో తిరిగాయి. 8 వారాల్లో వారి కదలికలు 35 శాతం మెరుగుపడ్డాయి. తమ వేగంతో తాము తొక్కినవారిలో అంత మార్పు రాలేదు. ఇది పదిమంది మీద చేసిన చిన్న ప్రయోగమే. దీన్ని కూడా 'నిర్బంధ వ్యాయామం' అనే అంటారు. కానీ ఇందులో భయపెట్టడం లేదు, చేయూత ఉంది.

మన ఇళ్ళకు దగ్గరైన పరిశోధన ఇంకొకటి ఉంది. డెన్మార్క్‌లో 1,04,046 మంది పెద్దలను దాదాపు పదేళ్ళు గమనించి, 2021లో హోల్టర్‌మన్ బృందం ఫలితాలు ప్రకటించింది. తీరిక వేళల్లో వ్యాయామం చేసేవారిలో గుండెజబ్బులు, మరణాలు తక్కువ. ఉద్యోగంలో భాగంగా ఒళ్ళువంచి శ్రమ చేసేవారిలో అవి ఎక్కువ! ఇద్దరూ శరీరాన్ని కదిలించేవారే. కూలి పనిలో విశ్రాంతి చాలదు, గంటల తరబడి ఒకే భంగిమలో ఉండాలి, ఎప్పుడు ఆపాలన్నది తన చేతిలో ఉండదు అని పరిశోధకులు కారణాలు ఊహిస్తున్నారు. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నడుము వంచి నాట్లు వేసే అమ్మను ఆసుపత్రిలో "కొంచెం వ్యాయామం చెయ్యమ్మా" అంటే ఆమె నవ్వి ఊరుకుంటుంది. మన ఇళ్ళల్లో ఒంటికి పని తక్కువేం కాదు. తక్కువైంది విశ్రాంతి, తన వేళ తన చేతిలో ఉండటం. చదువుకున్న మనం ఈ తేడాను గుర్తించాలి. కూలిపని ఎలాగూ వ్యాయామమేలే అని తేలిగ్గా తీసేయకూడదు.

మనం నేర్చుకోవలసింది

ఇంతవరకూ చెప్పినదాన్నిబట్టి, ఎలుకల ప్రయోగాలను మనుషులకు అతిగా అంటగట్టకుండానే, కొన్ని మాటలు చెప్పవచ్చు.

డ్రిల్లు మానేయమని మేము చెప్పడం లేదు. క్రమం తప్పని వ్యాయామం ఒంటికీ మెదడుకీ మంచిది. వేళ నిర్ణయించడంలో తప్పు లేదు. కానీ పరుగును శిక్షగా వాడటం మాత్రం ఆపాలి. ఆలస్యంగా వచ్చినందుకు రౌండ్లు, హోంవర్క్ చేయనందుకు గుంజీళ్ళు పెట్టిస్తే, పిల్లవాడికి వ్యాయామం అంటే దెబ్బతో సమానం అవుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కూడా పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది.

ఎంచుకునే అవకాశం కొంతైనా ఇవ్వాలి. కబడ్డీ ఇష్టమైనవారు కబడ్డీ, ఖోఖో ఇష్టమైనవారు ఖోఖో, తాడాట ఇష్టమైనవారు తాడాట ఆడవచ్చు. చేసేది వ్యాయామమే, దారి మాత్రం వారిది. అలసినప్పుడు ఆగి ఊపిరి తీసుకునే హక్కు ఉండాలి. ఒంట్లో బాగాలేని రోజున, ఆడపిల్లలకు నెలసరి ఇబ్బందిగా ఉన్న రోజున "ఈ రోజు చేయలేను" అని భయం లేకుండా చెప్పగలగాలి.

నిద్ర చెడగొట్టుకుని వ్యాయామం వద్దు. అర్ధరాత్రి దాకా మెలకువగా ఉండి తెల్లవారకముందే గ్రౌండ్‌కు వెళితే ఒక చేత్తో తెచ్చింది మరో చేత్తో పారబోసినట్టే. అలాగే టిఫిన్ మానేసి పరుగెత్తవద్దు. సన్నబడాలని తిండి తగ్గించి వ్యాయామం పెంచే చెల్లెళ్ళు ముఖ్యంగా 1967 నాటి ఆ ఎలుకలను ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

అన్నింటికంటే ముఖ్యం, ఒంటరిగా మూలన కూర్చునే స్నేహితుణ్ణి మీ ఆటలోకి పిలవండి. కొత్తగా చేరి, ఇంటి మీద బెంగతో ఉన్న పిల్లవాడికి మీరు ఇచ్చే ఆ పిలుపు మంచి మందు.

శరీరం మనం ఎంత దూరం పరుగెత్తామన్న లెక్క ఒక్కటే రాసుకోదు. ఆ పరుగులో భయం ఉందా, విశ్రాంతి ఉందా, కడుపునిండా తిండి ఉందా, పక్కన తోడు ఉందా అన్నవి కూడా రాసుకుంటుంది. ఆ లెక్కలు తప్పకుండా చూసుకునే హాస్టల్‌లో పిల్లలు చెప్పించుకోకుండానే గ్రౌండ్‌కు వస్తారని మా నమ్మకం. మన హాస్టల్ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అందరూ ఆటల్లోనూ, చదువులోనూ, ఆరోగ్యంలోనూ ముందుండాలని ఈ వార్షికోత్సవ సందర్భంగా మనసారా కోరుకుంటున్నాము.